ఒక్క మెట్టు దూరంలో...

జనగామలో పొద్దున్నే రైలెక్కితే ఎండ ముదరకముందే సికింద్రాబాద్‌లో దిగొచ్చు. మహబూబాబాద్ వాళ్లు ఇంకాస్త ముందు బయల్దేరాలి. భూపాలపల్లికి రైల్లేదు కాబట్టి బస్సులో వరంగల్ చేరి, అక్కణ్నుంచి బండి పట్టుకోవాలి. ఆసుపత్రి పనికో, పిల్లల కాలేజీ సీటుకో, పెళ్లి బట్టలకో... హైదరాబాద్ ప్రయాణం ఈ మూడు జిల్లాల వాళ్లకూ మామూలే. మరి ఫుట్‌బాల్ మ్యాచ్ చూడ్డానికి?

‘ఫుట్‌బాలా... మన దగ్గరేముంది?’ అంటారు చాలామంది. కానీ ఉంది. ఘట్‌కేసర్ దగ్గరి ఇంజినీరింగ్ కాలేజీ పుణ్యమా అని శ్రీనిధి అన్న పేరు ఈ రైలు మార్గంలో తిరిగే తల్లిదండ్రులకు కొత్తేం కాదు. ఆ విద్యాసంస్థల వాళ్లదే ‘శ్రీనిధి దక్కన్’ ఫుట్‌బాల్ క్లబ్. నగరానికి పడమటి అంచున, మొయినాబాద్ దారిలోని అజీజ్‌నగర్‌లో దాని మైదానం ‘దక్కన్ అరీనా’. దేశంలో రెండో శ్రేణి లీగ్‌లో ఈ జట్టు వరసగా రెండేళ్లు రెండో స్థానంలో నిలిచింది. ఒక్క మెట్టు ఎక్కుంటే పెద్ద లీగ్‌లో ఉండేది!

రహీం సాబ్ రోజులు

నిజానికి ఒకప్పుడు ఫుట్‌బాల్ అంటే కోల్‌కతా వాళ్లు కూడా హైదరాబాద్ పేరు చెప్పి భయపడేవారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించింది. ఆ ఏడాది నుంచి 1954 వరకూ వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలుచుకుంది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం మొదట్లో బడి పంతులు. తర్వాత భారత జట్టుకూ ఆయనే గురువయ్యారు. 1951, 1962 ఆసియా క్రీడల్లో మనకు స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం వచ్చింది ఆయన చేతిమీదుగానే. సికింద్రాబాద్ అమ్ముగూడలో పెరిగిన తులసీదాస్ బలరాం ఆయన శిష్యుడే. 1963లో రహీం కన్నుమూశారు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తర్వాత తెలుగు నేల మీద ఫుట్‌బాల్ వైభవం మెల్లగా వెనకబడింది. మైదానాలు క్రికెట్ పిచ్‌లయ్యాయి.

పిల్లలతో మొదలు

శ్రీనిధి క్లబ్ పుట్టింది 2015లో. లక్షలు పోసి పెద్ద ఆటగాళ్లను కొనకుండా ముందు పిల్లల జట్లను తయారుచేసుకుంది. 2020లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఐ-లీగ్‌లో నేరుగా ఆడే అవకాశం ఇచ్చింది. విచిత్రమేంటంటే, అప్పుడు దరఖాస్తు చేసింది విశాఖపట్నం పేరు మీద. చివరికి మైదానం మాత్రం హైదరాబాద్‌లోనే కుదిరింది.

2021-22లో మొదటి సీజన్. కరోనా కారణంగా మ్యాచ్‌లన్నీ బెంగాల్లోనే పెట్టారు. సొంత ప్రేక్షకులు లేకుండా ఆడిన తొలి మ్యాచ్‌లో మణిపూర్ జట్టు నెరోకా చేతిలో 3-2తో ఓడిపోయింది. కొత్త జట్టు కదా, ఇంతేలే అనుకున్నారంతా. కానీ సీజన్ చివర్లో గోకులం కేరళ ఎదురైంది. అప్పటికి 21 మ్యాచ్‌లుగా ఓటమి ఎరగని జట్టది. శ్రీనిధి 3-1తో ఆ జైత్రయాత్రను ఆపేసింది. లాల్‌రోమావియా అనే మిజో కుర్రాడు ఆ మూడు గోల్సూ కొట్టాడు. గోకులం తర్వాతి మ్యాచ్ గెలిచి ఛాంపియనైందనుకోండి... శ్రీనిధికి మూడో స్థానం దక్కింది. అడుగుపెట్టిన ఏడాదే!

రెండుసార్లు రెండో స్థానం

అసలు కథ 2022-23 నుంచి. ఐ-లీగ్ గెలిచిన జట్టుకు పై శ్రేణి అయిన ఇండియన్ సూపర్ లీగ్‌లోకి తలుపు తెరిచారు. అంటే మొదటి స్థానానికే విలువ. రెండో స్థానంలో ఉన్నవాళ్లు మళ్లీ ఏడాది ఆగాల్సిందే. ఆ సీజన్లో పంజాబ్ జట్టు 52 పాయింట్లతో గెలిచి పైకెళ్లింది. 42 పాయింట్లతో శ్రీనిధి రెండో స్థానంలో ఆగిపోయింది.

పైకెళ్లే సత్తా లేదా అంటే... 2023 ఏప్రిల్‌లో సూపర్ కప్ జరిగింది. రెండు శ్రేణుల జట్లూ కలిసి ఆడే టోర్నీ అది. కోజికోడ్‌లో, కేరళ బ్లాస్టర్స్ సొంత రాష్ట్రంలో, వాళ్ల అభిమానుల మధ్యే శ్రీనిధి 2-0తో గెలిచింది. చిన్న లీగ్ జట్టని తేలిగ్గా చూసినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు.

2023-24లో గీత ఇంకా దగ్గరైంది. 24 మ్యాచ్‌లు ఆడి 48 పాయింట్లు తెచ్చుకుంది. కోల్‌కతా మహమ్మదన్ స్పోర్టింగ్‌కు 52. నాలుగు పాయింట్ల తేడా... ఫుట్‌బాల్లో ఒక గెలుపుకు మూడు పాయింట్లు, డ్రాకు ఒకటి. అంటే ఒక గెలుపు, ఒక డ్రా! మహమ్మదన్ పైకెళ్లింది. శ్రీనిధి మళ్లీ అక్కడే.

పైన ఉన్నవాళ్లు ఏమయ్యారు?

అదే సమయంలో నగరంలో ఇంకో జట్టు ఉండేది... హైదరాబాద్ ఎఫ్‌సీ. పుణె జట్టు మూతపడితే, దాని స్థానంలో 2019లో వచ్చింది. కింది మెట్లేవీ ఎక్కకుండానే సూపర్ లీగ్‌లో ఆడింది. తొలి ఏడాది అట్టడుగున నిలిచినా, మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ కోచ్ జట్టును నిలబెట్టారు. 2022 మార్చిలో గోవాలో జరిగిన ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి కప్పు తెచ్చింది. హైదరాబాద్‌కు పాత రోజులు తిరిగొచ్చాయని సంబరపడ్డారు అభిమానులు.

రెండేళ్లు తిరిగేసరికి అంతా తారుమారైంది. ఆటగాళ్లు వెళ్లిపోయారు. 2023-24లో 22 మ్యాచ్‌ల్లో ఒక్కటంటే ఒక్కటే గెలిచి అట్టడుగున మిగిలింది. అయినా కిందికి దిగలేదు. ఎందుకంటే ఆ లీగ్ నుంచి జట్లను దించే పద్ధతి పెట్టలేదు. ఒకే ఊళ్లో, ఒకే ఏడాది... పైన ఆఖరి స్థానంలో ఉన్న జట్టు పైనే ఉంది, కింద రెండో స్థానం తెచ్చుకున్న జట్టు కిందే ఉంది! చివరికి 2025లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. కప్పు తెచ్చిన జట్టు ఊరే వదిలేసింది.

అమెరికాలో ఇలాంటివి మామూలే. అక్కడి రెండో శ్రేణి లీగ్‌లో కప్పు గెలిచినంత మాత్రాన మేజర్ లీగ్ సాకర్‌లోకి పంపరు. పై లీగ్‌లో చోటు కావాలంటే డబ్బుపెట్టి కొనుక్కోవాలి. అందుకే అక్కడి చిన్న క్లబ్బులు ఊరి పిల్లల్నీ, ఊరి ప్రేక్షకుల్నీ నమ్ముకుని బతుకుతాయి.

మైదానం ఉంటేనే...

శ్రీనిధి బలం కూడా అదే. దక్కన్ అరీనా గచ్చిబౌలిలాగా భారీ స్టేడియం కాదు, కానీ సొంతం. 2024 డిసెంబరులో సంతోష్ ట్రోఫీ తుది దశ హైదరాబాద్‌కు వచ్చినప్పుడు గ్రూప్ మ్యాచ్‌లు అక్కడే జరిగాయి. కేరళ, బెంగాల్ కుర్రాళ్లు ఆడిన గడ్డ మీదే తెలంగాణ కుర్రాళ్లూ ఆడారు. బెంగాల్ కప్పు ఎత్తుకెళ్లింది. మైదానం మాత్రం ఇక్కడే మిగిలింది.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పిల్లలకు ఈ కథతో పనేంటి? పరుగెత్తే కాళ్లకు తండాల్లో కొదవలేదు. సింగరేణి కాలనీల్లో సాయంత్రం పూట బంతి తన్నే పిల్లలూ ఉన్నారు. లేనిది నిచ్చెన. బడి జట్టు నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్రానికి, అక్కణ్నుంచి క్లబ్బుకు... ఇలా ఒక్కో మెట్టూ ఉండాలి. పదమూడేళ్ల పిల్లాడు రోజూ హైదరాబాద్ వెళ్లి ఆడలేడు. వాడికి సొంత ఊళ్లోనే రెండు గోల్‌పోస్టులు, ఒక కోచ్, ఏడాదికి పది మ్యాచ్‌లు కావాలి.

రహీం సాబ్ చేసిందీ అదే. బడి పిల్లలతో మొదలుపెట్టి దేశాన్ని ఒలింపిక్స్ దాకా తీసుకెళ్లారు. శ్రీనిధి ఆ ఆఖరి మెట్టు ఎప్పుడెక్కుతుందో కాలమే చెప్పాలి. మన పిల్లలు మాత్రం ముందు మొదటి మెట్టెక్కాలి. అది వేయాల్సింది పెద్దలే!