పరదేశార్జితము, స్వగ్రామసేవ

పశ్చిమాఫ్రికా యందలి సెనెగల్ దేశము 1960 వఱకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను. ఆ కాలమున అచ్చటి రైతులు పండించిన వేరుసెనగ ఓడలకెక్కి మార్సేల్సు, బోర్డో నగరములందలి నూనెమిల్లులకు పోవుచుండెను. పంట పల్లెది; లాభము పరదేశముది. నేడు ఆ దేశమునుండి ఐరోపాకు పోవువారిలో ఫుట్బాలు నేర్చిన బాలురును గలరు. క్లబ్బులు వారిని లేబ్రాయముననే యేరుకొని, తీర్చిదిద్ది, ఒకరినుండి యొకరు కోట్ల పౌండ్లకు కొనుచున్నవి. ఈ వ్యాపారమున ఆ బాలుని పెంచిన పల్లెకు దక్కుచున్నదేమి? ఈ ప్రశ్నకు సాదియో మానే జీవితము సగము సమాధానము చెప్పుచున్నది.

మానే 1992 ఏప్రిలు 10వ తేదీన జన్మించెను. దక్షిణ సెనెగల్‌నందలి కాసమాన్సు ప్రాంతమున బంబాలీ యను పల్లెలో పెరిగెను. నడుమ గాంబియా దేశ మడ్డముగా నుండుటచే ఆ ప్రాంతము రాజధానియగు డాకరుకు ఎడమైనది. 1982 నుండి వేర్పాటువాదుల పోరాటముచే నలిగినది. అతని తండ్రి ఆ యూరి ఇమాము. బాలునకు ఏడేండ్ల ప్రాయమున తండ్రి కడుపు జబ్బుచే మరణించెను. ఊరిలో ఆసుపత్రి లేదు. ఈ విషయమును మానే స్వయముగా పలుమారులు చెప్పియున్నాడు.

2002 మే 31వ తేదీన సియోలు నగరమున ప్రపంచకప్పు తొలి పోటీలో సెనెగల్ జట్టు, జగజ్జేతయైన ఫ్రాన్సును 1-0తో ఓడించెను. గెలిచిన జట్టులో అత్యధికులు ఫ్రాన్సు క్లబ్బులలో ఆడువారే యగుట గమనింపదగినది. పదేండ్ల మానే మనసు నాటినుండి ఆటపైననే లగ్నమయ్యెను. పెద్దలు చదువుకొమ్మనిరి, అతడు పదునైదేండ్ల వయసున చెప్పక డాకరుకు పోయెను. వెదకి వెనుకకు తెచ్చినను పట్టు విడువలేదు. తుదకు జెనరేషన్ ఫుట్ అను శిక్షణాలయమున చేరెను. చినిగిన బూట్లతో పరీక్షకు వచ్చిన తన్ను చూచి యొక పెద్దమనిషి శంకించెననియు, ఆట చూచిన పిదప ఆయనయే యెన్నుకొనెననియు మానే చెప్పుకొన్నాడు.

ఆ సంస్థకు ఫ్రాన్సునందలి మెట్జు క్లబ్బుతో ఒడంబడిక గలదు. ఆ దారిన అతడు 2011లో మెట్జు చేరి, 2012లో ఆస్ట్రియాకును, 2014లో ఇంగ్లండునందలి సౌతాంప్టనుకును పోయెను. 2015 మే నెలలో ఆస్టన్ విల్లాపై 2 నిమిషముల 56 సెకండ్లలో మూడు గోలులు చేసి ప్రీమియరు లీగులో రికార్డు నెలకొల్పెను. 2016లో లివర్పూలువారు సుమారు 3 కోట్ల 40 లక్షల పౌండ్లిచ్చి అతనిని గైకొనిరి. 2019లో ఐరోపా ఛాంపియన్స్ లీగు, 2020లో ఇంగ్లండు లీగు ఆ జట్టునకు లభించినవి. స్వదేశమునకు మాత్రము ఆఫ్రికా కప్పు అంతవఱకు దక్కలేదు. 2022 ఫిబ్రవరి 6వ తేదీన యావుండే నగరమున ఈజిప్టుతో జరిగిన తుది పోటీలో మానే ఆరంభమున పెనాల్టీ పోగొట్టెను. పోటీ సమమై పెనాల్టీలకు రాగా, కడపటి తన్ను తానే తన్ని దేశమునకు మొట్టమొదటి కప్పు తెచ్చెను.

ఆర్జించిన ధనమును అతడు వినియోగించిన రీతి ఇంకను ముఖ్యము. బంబాలీలో పాఠశాల కట్టించెను. సుమారు 5 లక్షల పౌండ్ల వ్యయముతో ఆసుపత్రి నిర్మింపజేసెను. అది 2021లో తెరువబడెను. అంతటితో నూరకుండక అధ్యక్షుడు మాకీ సాల్‌ను కలిసికొని వైద్య సిబ్బంది విషయమై మాటలాడెను. గోడలను దాత కట్టింపగలడు గాని, వైద్యునకు ఏటేటా జీతమిచ్చుట ప్రభుత్వము పని యని అతడెఱుగును. 2022లో సంఘసేవకై నెలకొల్పిన సోక్రటీసు బహుమానము మొదట అతనికే లభించెను.

అయినను ఒకని దాతృత్వము ఏర్పాటునకు బదులు కాజాలదు. ఆటగాడు దేశము మాఱి అమ్ముడుపోయినప్పుడు, వెలలో నూటికి 5 వంతులు, 12 మొదలు 23 ఏండ్ల వఱకు అతనికి శిక్షణ మిచ్చిన క్లబ్బులకు పంచవలెనని అంతర్జాతీయ ఫుట్బాలు సంఘము నియమము చేసినది. న్యాయమైన నియమమే. కాని నమోదైన క్లబ్బు లేని పల్లె మైదానమునకు అందు చిల్లిగవ్వయు రాదు. ఇక ఒక్క మానే పైకి వచ్చుచుండగా, దొంగ ఏజెంట్ల మాట నమ్మి, ఇల్లమ్మి డబ్బు కట్టి, పరదేశపు వీథులలో దిక్కులేక మిగులు బాలురెందఱో!

కావున సెనెగల్ పల్లెలలో నేడు జరుగవలసిన పని స్పష్టము. ప్రతి మైదానమున నమోదైన క్లబ్బు, ఆటతో పాటు చదువు, బాలుని పంపుటకు ముందు ఒప్పందమును చదివి చూచు పెద్దలు ఉండవలెను. ఇవి కోట్ల పౌండ్లతో గాక గ్రామస్థుల పూనికతో సమకూరునవి. మానే తన వంతు తీర్చెను. బంబాలీ ఆసుపత్రిలో రేపును ఎల్లుండియు వైద్యుడుండునట్లు చూచుట ఇక ప్రభుత్వము వంతు, ప్రజల వంతు.