పాత కారు కొనుటకు ముందు

ఇంటికి పాత కారు కొనుటయందు స్త్రీల కేమి పని యని యడుగువారు నేటికిని గలరు. వెనుక సీటులో బిడ్డలను సర్దునది మనము. మోకాళ్ల నొప్పులతో మూల్గు అత్తగారిని చేయిపట్టి యెక్కించునది మనము. నెలనెల కంతు కట్టుటకై వంటయింటి ఖర్చు కుదించుకొనునదియు మనమే. కావున బండి మంచిచెడ్డలు పరీక్షించుటయు మన పనియే యని మా తలంపు.

మేము హైదరాబాదు పాతబస్తీలోని కంచన్‌బాగ్‌లో నివసించువారము. మా వారు బడిపంతులు. అత్తమామలు, ముగ్గురు బిడ్డలు, మేమిద్దరము కలిసి యింట నేడుగురము. ఏడుగురు పట్టు క్రొత్త బండి మాబోటివారి కందునది కాదు. పాతది కొందమని నిశ్చయించుకొన్నప్పుడు మా మనస్సున నున్న భయ మొక్కటే: వానకాలము.

2020వ సంవత్సరము అక్టోబరు 13వ తేదీన కురిసిన కుంభవృష్టిని ఈ నగరమువారు మఱవజాలరు. ఘట్‌కేసరు వైపున ఒక్క దినముననే 30 సెంటీమీటర్లకు మించి వాన పడెను. 17వ తేదీ రాత్రి మరల వాన పట్టగా బాలాపురపు గుఱ్ఱంచెఱువు కట్ట తెగి, మా పొరుగుననున్న హఫీజ్‌బాబానగరు వీథులలో వరద పాఱెను. నిలిపియుంచిన కార్లు, ఆటోలు బెండు ముక్కలవలె కొట్టుకొనిపోయెను. నీరు తీసిన పిమ్మట అట్టి బండ్లు ఏమగును? కొన్ని తుక్కు క్రింద పోవును. కొన్నింటిని కడిగి, తుడిచి, రంగు వేసి అమ్మకమునకు పెట్టుదురు. వరద వచ్చిన ప్రతి నగరమునను జరుగునదే యిది. ఒక యూరి బండి మఱియొక యూర తేలుటయు గలదు.

మేము మొదట చూచిన బండి తెల్లనిది, ఏడు సీట్లది. ఆఱేండ్ల క్రిందటిది. అంతటి బండికి బజారున నడుచు ధరకంటె లక్ష రూపాయలు తక్కువ చెప్పిరి. సీట్లకు క్రొత్త తొడుగులు, లోపల గుప్పుమను అత్తరు వాసన. పిల్లలు దిగుటకే యొప్పుకొనలేదు. మామగారు బయానా ఇచ్చుటకు సంచి విప్పుచుండగా అత్తగారు మెల్లగా, “బియ్యపు బస్తాకు అత్తరు పూసినారనిన లోపల బియ్యము ముక్కిపోయినదేమో చూడవలెనమ్మా,” యనిరి.

ఆ మాట మాకు కనువిప్పయ్యెను. మెకానిక్కును పిలిపించి చూపించితిమి. అతడు వెనుక సీటు బెల్టును కడదాక లాగెను. చివర జానెడు మేర గోధుమరంగు మరక గీటు గీచినట్లుండెను. డిక్కీలోని స్టెప్నీ టైరు నెత్తగా, దాని గుంటలో ఎండిన ఒండ్రుమట్టి. సీట్ల క్రింది మరలకు త్రుప్పు. అమ్మువాడు “కడిగినప్పటి నీళ్లండీ” యనెను. కడిగిన నీటికి ఒండ్రు రాదు గదా! మేము మాఱు పలుకక వెనుదిరిగితిమి. చిన్నవాడు దారిపొడవున నేడ్చెను.

సోదరీమణులారా! నీట మునిగిన బండి కొన్ననాడు చక్కగనే నడచును. దాని రోగము తరువాత బయటపడును. సీట్ల క్రిందను, డాష్‌బోర్డు వెనుకను ఉన్న వైర్ల కొసలలో పచ్చని చిలుము పట్టి నెలల తరబడి తినుచుండును. ఒకనాడు దీపము లాఱును, మఱియొకనాడు అద్దములు దిగవు. ప్రమాదమున విచ్చుకొనవలసిన ఎయిర్‌బ్యాగు విచ్చుకొనకపోవచ్చును. కావున కార్పెట్టు ఎత్తి క్రింద తడి, ముక్క వాసన చూడవలెను. దీపపు అద్దములలో నీటి యావిరి యున్నదేమో చూడవలెను. రాత్రియంతయు చల్లారిన ఇంజనును మన యెదుటనే స్టార్టు చేయించవలెను.

కాగితముల మాట మఱవరాదు. పూర్వము ఇన్సూరెన్సు క్లెయిము ఏమైన జరిగెనా యని విచారింపవలెను. ఆర్.సి. మార్పునకు 29, 30 నంబరు ఫారములు వలయును. బండిపై లోను ఉండినయెడల బ్యాంకువారి ఎన్.ఓ.సి., 35వ ఫారము లేక సొమ్ము చెల్లింపరాదు. కొన్న 14 దినములలో ఇన్సూరెన్సును మన పేరిట మార్పించుకొనవలెను.

ఇక టైర్లు. మా ఆడుబిడ్డ కెనడా దేశమున మాంట్రియల్‌లో నున్నది. ఆమెయు నిరుడు చలికాలమునకు ముందు పాత వ్యాను కొన్నది. మంచులో నడుపుటకు నాలుగు చక్రములు త్రిప్పు పెద్ద బండి గావలెను గదా యని మేము ఫోనులో నడిగితిమి. “వదినా, నాలుగు చక్రములు తిరుగుట బండి కదలుటకు సాయము, ఆపునది మాత్రము టైరే. ఎముకలు కొఱుకు చలిలోను మెత్తగా నుండు రబ్బరుతో వేఱుగ టైర్లు చేయుదురు. మా క్విబెక్ రాష్ట్రమున 2008 నుండి చలికాలమున అవి లేక కారు నడుపరాదను చట్టమున్నది,” యనెను. మంచు మనకు లేకున్నను ధర్మ మొక్కటే. తడిసిన రోడ్డుపై నీటిని ప్రక్కకు త్రోయునది టైరు గాళ్లే. అవి 1.6 మిల్లీమీటర్లకు అరిగిన టైరు పనికిరాదు. అంతకు ముందే మార్చుట మేలు. టైరు ప్రక్కన చెక్కిన నాలుగంకెలను గూడ చూడుడు: 3421 అనిన 2021వ సంవత్సరము 34వ వారమున చేసినదని యర్థము.

అరణ్యపర్వములో బాహుకుడు ఋతుపర్ణుని రథమునకు బక్కగుఱ్ఱములను ఏఱితెచ్చినప్పుడు రాజు సందేహించెను. పైకి పుష్టిలేని యా గుఱ్ఱములే ఒక్క దినమున విదర్భకు చేర్చినవి. మేము తుదకు కొన్నదియు అట్టిదే. తొమ్మిదేండ్ల బండి, తలుపుపై గీతలు, రంగు వెలసినది. కాని స్టెప్నీ గుంట పొడిగా నుండెను. మిగిలిన సొమ్ముతో నాలుగు క్రొత్త టైర్లు వేయించితిమి.

బండి పెద్దదైనంత మాత్రమున నీటిలో దిగవచ్చునని యెంచరాదు. పాఱు నీరు అడుగు లోతున్నను చిన్న కార్లను, రెండడుగు లున్నచో పెద్ద బండ్లను సయితము కొట్టుకొనిపోగలదని అమెరికా వాతావరణశాఖవారు హెచ్చరించుచున్నారు. గాలి పీల్చు గొట్టముగుండ ఇంజనులోనికి నీరు చేరినచో, నీరు గాలివలె నణగదు గనుక లోపలి యినుప కడ్డీలు వంగిపోవును. నీట ఆగిన బండి తాళమును మరల త్రిప్పరాదు. మనుష్యులు దిగి మెరకకు చేరవలెను.

మొన్న వానలో ఆసుపత్రినుండి వచ్చుచుండగా దారిలో నీరు నిలిచియుండెను. ముందున్న బండ్లు దిగుచుండెను. మా వారు మావంక చూచిరి. “వెనుకకు త్రిప్పుడు,” అంటిమి. చుట్టుదారిని ఇల్లు చేరుసరికి గంటన్నర పట్టెను, అన్నము చల్లారిపోయెను. అత్తగారు మాత్రము, “చల్లారిన యన్నము వేడి చేసికొనవచ్చునులే,” యని నవ్విరి.