కంటపడితేనే కదిలే పేజీ

భామ్రాగడ్ లాంటి మారుమూల ఊళ్లో సిగ్నల్ సన్నగా ఉన్న రోజున సోకులెక్కువ ఉన్న వెబ్ పేజీ ఒకటి తెరిచారనుకోండి. పైన శీర్షిక కనిపిస్తుంది, కిందికి జరిపితే అంతా తెల్లగా ఖాళీ. అక్షరాలు ఫోన్‌లోకి ఎప్పుడో వచ్చేశాయి. కంటపడ్డాక మెల్లగా తేలాలని వాటిని దాచి ఉంచారంతే. తేల్చాల్సిన జావాస్క్రిప్ట్ ఫైలు ఇంకా దారిలోనే ఉంది.

ఈ తేలే విద్య పాతదే. మొదట్లో స్క్రోల్ కదిలినప్పుడల్లా ప్రోగ్రామ్ లేచి, 'ఆ బొమ్మ తెరమీదికి వచ్చిందా?' అని కొలిచి చూసేది. వేలితో ఒక్కసారి తోస్తే ఆ ప్రశ్న పదులసార్లు పడుతుంది. సాఫీగా కదలాలంటే సెకనుకు 60 ఫ్రేములు గీయాలి, ఒక్కోదానికి దక్కేది 16.7 మిల్లీసెకన్లే. కొలత అడిగిన ప్రతిసారీ పేజీ అమరికను మళ్లీ లెక్కగట్టాల్సి వస్తే ఆ వ్యవధి చాలదు, తెర నత్తినత్తిగా కదులుతుంది. 2011లో ట్విట్టర్ పేజీ ఇలాగే మొరాయించింది. జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ సృష్టికర్త జాన్ రెసిగ్ దాన్ని విప్పి చూపిస్తూ, ప్రతి కదలికకూ స్పందించొద్దు, 250 మిల్లీసెకన్లకోసారి చూస్తే చాలన్నాడు.

ఒక పోలిక చూడండి. వానాకాలంలో పర్లకోట నది పొంగి భామ్రాగడ్ పాత వంతెన మునిగితే అవతలికి దారి ఉండేది కాదు. నీళ్లెక్కాయో లేదోనని మాటిమాటికీ గట్టు దాకా పోయి చూడొచ్చు. లేదా వంతెన దగ్గరి మనిషికి 'స్లాబును తాకగానే ఫోన్ చెయ్యి' అని చెప్పి మన పని చూసుకోవచ్చు. రెసిగ్ సలహా గట్టుకు పోయే సార్లను తగ్గించింది. ఆ ఫోన్ మనిషిని తెచ్చింది మాత్రం ఇంటర్‌సెక్షన్ అబ్జర్వర్ అనే బ్రౌజర్ సాధనం.

దాని పుట్టుకకు అందం కన్నా పైసలే పెద్ద కారణం. ప్రకటనలో సగం పిక్సెళ్లు కనీసం ఒక సెకను కనబడితేనే 'చూడదగ్గది' అని అమెరికాలోని మీడియా రేటింగ్ కౌన్సిల్ 2014లో లెక్క తేల్చింది. వేరే సైటు నుంచి వచ్చి చట్రంలో కూర్చున్న ప్రకటనకు తాను పేజీలో ఎక్కడున్నదీ తెలియదు, భద్రత కోసం బ్రౌజర్ చెప్పదు. తెర బయట ఉన్నప్పుడు ఫ్లాష్ యానిమేషన్ వేగం తగ్గుతుందని కనిపెట్టి, దాన్ని బట్టి ఊహించేవాళ్లు. ఎంత తిప్పలు! అడ్డదారులు మాని బ్రౌజరే చెప్పేలా 2016లో క్రోమ్ 51లో ఈ సాధనం వచ్చింది. ఫైర్‌ఫాక్స్ 2017లో, సఫారీ 2019లో అందుకున్నాయి.

వాడకం తేలిక. ఏ భాగాన్ని కనిపెట్టాలో, ఎంత మేర కనబడ్డాక చెప్పాలో ముందే రాసిస్తాం. 0.5 అంటే సగం. ఆ హద్దు దాటినప్పుడే కబురొస్తుంది. కబురందాక కాపలా తీసేయాలి, లేకుంటే పైకీ కిందికీ పోయినప్పుడల్లా అదే అక్షరం మళ్లీ ఎగిరొచ్చి విసిగిస్తుంది. 2023లో క్రోమ్ 115తో జావాస్క్రిప్ట్ లేకుండా, పేజీ రూపాన్ని నిర్దేశించే సీఎస్ఎస్‌లోనే స్క్రోల్‌కు కదలికను ముడిపెట్టే వీలూ కలిగింది.

అయితే కదలిక అందరికీ పడదు. 2013లో ఐఫోన్ కొత్త తెరల ఊగులాటకు కొందరికి కళ్లు తిరిగాయి. 'కదలిక తగ్గించు' అన్న సెట్టింగ్ ఇప్పుడు ఫోన్లలో ఉంది, దాన్ని పేజీ అడిగి తెలుసుకోగలదు. అడగని పేజీలే ఎక్కువనుకుంటాను.

ఆ తెల్లటి ఖాళీకి మందు కూడా చిన్నదే. అక్షరాలను ముందే దాచకుండా, తేల్చబోయే జావాస్క్రిప్టే వచ్చాక దాచాలి. అది రాకపోతే సోకు పోతుంది, చదువు ఆగదు.

నా లెక్కలో ఈ కాపలాకు తగిన పని ఎగిరే అక్షరాలు కావు, బొమ్మలు. పాఠకుడు చేరని చోటి ఫోటోను దింపకుండా ఆపితే డేటా మిగులుతుంది. 2019లో క్రోమ్ 76 ఈ పనిని తనే నెత్తికెత్తుకుంది. బొమ్మ ఎంత దూరంలో ఉండగా దింపడం మొదలెట్టాలన్నది నెట్ వేగాన్ని బట్టి ఉంటుంది. 2020లో ఆ దూరాన్ని 4జీకి 1250 పిక్సెళ్లుగా, అంతకన్నా నెమ్మదైన లైన్లకు 2500గా సవరించారు. నెమ్మది లైనులో బొమ్మ రావడానికి ఎక్కువసేపు పడుతుంది కనుక ముందే బయల్దేరదీస్తారు.