పోటీ ఎవరిది, ఫలం ఎవరిది? – హనుమంతరావు అర్థశాస్త్రం

దేశం పోటీలో నెగ్గాలి, రాష్ట్రం నెగ్గాలి, చివరికి జిల్లా కూడా నెగ్గాలి. పాలకుల ప్రకటనల్లో ఈ మాటకు కొదవ లేదు. నెగ్గితే వచ్చే లాభం ఏ వర్గానికి చేరుతుందన్నది మాత్రం అక్కడ ఉండదు. ఆ ప్రశ్నను తన పరిశోధనకు కేంద్రంగా చేసుకున్న తెలుగువాడు సి.హెచ్. హనుమంతరావు. మన సాహిత్య విద్యార్థులు ఆయన్ని చదవరు, కథకులు అసలే చదవరు.

1929లో కరీంనగర్ జిల్లాలో పుట్టిన హనుమంతరావు ఢిల్లీలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎకనమిక్ గ్రోత్‌లో చాలాకాలం పనిచేశారు. చిన్న కమతంలో ఎకరా దిగుబడి పెద్ద కమతంలో కంటే ఎందుకెక్కువ అన్న చర్చ అప్పట్లో సాగుతోంది. 1962లో అమర్త్య సేన్ ఇచ్చిన వివరణ ఇది: కూలివాణ్ని పెట్టుకునే ఆసామి కూలి గిట్టినంతవరకే పని చేయిస్తాడు. ఇంటిల్లిపాదీ దిగి చేసుకునే సేద్యానికి ఆ హద్దు లేదు. బయట పని దొరకదు గనుక చివరి గింజ దాకా శ్రమిస్తారు. అంటే లెక్కల్లో సమర్థతగా కనిపించేదానిలో కొంత, ఎవరూ కూలి కట్టని శ్రమే. ఈ చర్చను గణాంకాలతో ముందుకు నడిపినవారిలో హనుమంతరావు ఒకరు.

1975లో వచ్చిన ఆయన గ్రంథం భారత వ్యవసాయంలో సాంకేతిక మార్పునూ, దాని ఫలాల పంపిణీనీ పరిశీలించింది. కొత్త విత్తనం, ఎరువు ఎకరాకు పని పెంచుతాయి. ట్రాక్టరు పని తగ్గిస్తుంది. రెంటినీ 'అభివృద్ధి' అన్న ఒకే గంపలో వేయటాన్ని ఆయన ఒప్పుకోలేదు.

1982 నుంచి 1986 దాకా ప్రణాళికా సంఘ సభ్యుడిగా ఉన్నారు. కరవు పీడిత ప్రాంతాల పథకాలపై 1994లో నివేదిక ఇచ్చిన సంఘానికి ఆయనే అధ్యక్షుడు. వాటర్‌షెడ్ పనులు గ్రామస్థుల చేతుల్లో ఉండాలన్నది అందులోని ముఖ్యాంశం. ఆయన విప్లవకారుడు కాదు. రాజ్యం లోపల కూర్చుని మాట్లాడినవాడు. ప్రణాళికా సంఘం భూసంబంధాలను కదిలించలేకపోయిందన్న విమర్శ నుంచి ఆయన్నీ మినహాయించలేం.

ఈ దృష్టితో అనకాపల్లిని చూడండి. బెల్లం మార్కెట్టుకు దేశమంతా పేరు. చెరకు పరిశోధనా కేంద్రం 1913 నుంచీ ఉంది. అయినా చెరకు రైతు చక్కెరతోనూ, పరాయి రాష్ట్రాల బెల్లంతోనూ పోటీపడాలి. దిమ్మ లేతరంగులో ఉంటేనే ధర. అందుకని పానకంలో హైడ్రోస్ కలుపుతారు. రంగు చూసి ధర కట్టే కొనుగోలుదారుకు పెనం కింద పిప్పి ఎగదోసే మనిషి కనిపించడు.

ఇదే జిల్లాలోని అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలి, ఎగుమతుల్లో నెగ్గటం కోసమే వెలిసింది. 2024 ఆగస్టు 21న అక్కడి ఒక ఔషధ కర్మాగారంలో జరిగిన ప్రమాదంలో 17 మంది మరణించారు. సరుకు ఖర్చు తగ్గించటమే సామర్థ్యమైతే, ఆ ఖర్చును ఎవరి మీదికి నెట్టారన్నది కూడా అర్థశాస్త్ర ప్రశ్నే. కథకుడి ప్రశ్న కూడా.

ఆయన్ని చదవదలచినవారు 1975 గ్రంథంతో మొదలుపెట్టటం మేలు. పట్టికలు చూసి బెదరనక్కరలేదు. ట్రాక్టరు గురించిన వాదన ముందు చదివితే, మిగతాది దానంతటదే విప్పుకుంటుంది.