చెరువునకు ధర్మకర్త యెవ్వడు?

ధర్మకర్త యను మాట మన నోట సులభముగా వచ్చును. దేవాలయమునకు ధర్మకర్త, సత్రమునకు ధర్మకర్త, పాఠశాలకును వైద్యశాలకును ధర్మకర్తల మండలి. కాని యీ మాటకు అర్థమేమని విచారించువారు తక్కువ. కొందరు దానిని గౌరవపదవి యందురు, కొందరు పెత్తనమందురు. నిజమునకు అది రెండును గాదు. సొత్తు తన చేతిలో నుండి, దాని ఫలము పరులకు చెందవలసి యున్నప్పుడు, ఆ సొత్తును కాపాడి ఆ ఫలమును వారికి చేర్చువాడే ధర్మకర్త. తాళపుచెవి అతని మొలలో నుండును. గాదెలోని గింజ మాత్రము అతనిది కాదు.

చట్టము ఈ ధర్మమును స్పష్టముగనే చెప్పినది. 1882 సంవత్సరపు భారత ట్రస్టుల చట్టము ప్రైవేటు ట్రస్టులకు ఉద్దేశింపబడినదే యైనను, అందలి సూత్రములు ఎల్లరును నేర్వదగినవి. బుద్ధిమంతుడు తన సొత్తును చూచుకొనునంత జాగ్రత్తతో ధర్మకర్త ట్రస్టు సొత్తును చూడవలెను. లెక్కలు వ్రాసియుంచి, లబ్ధిదారుడు అడిగినప్పుడు చూపవలెను. ఆ సొత్తువలన సొంత లాభము పొందరాదు. దానిని అమ్ముటకు నియుక్తుడైనచో తానే కొనరాదు. ఈ చివరి నిషేధము మిక్కిలి గమనింపదగినది. న్యాయమైన వెలకే కొంటినని చెప్పుకొన్నను చెల్లదు. అమ్మువాడును కొనువాడును ఒక్కడేయైన చోట వెల న్యాయమైనదని పలుకువాడెవ్వడు? గాంధీ మహాత్ముడు ఆంగ్ల న్యాయశాస్త్రమున చదివిన ఈ పదమును భగవద్గీతలోని అపరిగ్రహముతో జోడించి చూచెను. ఆస్తి చేతిలో నుండగా దానిపై మమకారము లేకుండుట యెట్లను ప్రశ్నకు ఆయనకు అచ్చటనే సమాధానము దొరకెను.

ఇది పట్టణములందలి ధనవంతుల ట్రస్టులకే సంబంధించిన విచారము కాదు. అనంతపురము పీఠభూమిపై సాలుకు సగటున 55 సెంటీమీటర్ల వాన మాత్రమే పడును. ఇట్టి సీమలో నీటికి మించిన నిధి యేమున్నది? అనంతపురమునకే అనంతసాగరమను చెరువువలన పేరు వచ్చినదందురు. ఇక కొత్తచెరువు విషయమున వేరుగ చెప్పనక్కరలేదు. చెరువు పేరే ఊరి పేరు. తటాకమును మన పెద్దలు సప్తసంతానములలో నొకటిగా నెంచిరి. కన్నబిడ్డ వంశమును నిలుపును. చెరువు ఊరినే నిలుపును.

ఈ నిధిని కూర్చుట సామాన్యమైన పని కాదు. కడప సీమలోని పోరుమామిళ్ల చెరువు శాసనము 1369 నాటిది. బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు కట్టించిన ఆ చెరువునకై దినమునకు వేయిమంది కూలీలును, రాతికై నూరు బండ్లును పనిచేయగా రెండేండ్లు పట్టెనని అందు వ్రాయబడియున్నది. చెరువునకు కావలసిన పండ్రెండు అంగములును, దానికి రాగల ఆరు దోషములును ఆ శాసనమున లెక్కింపబడినవి.

కాని కట్టుట ఒకనాటి పని; కాచుట ఏటేటి పని. ఇది యెరిగియే పూర్వులు దశబంధ మాన్యముల నేర్పరచిరి. చెరువు కట్టినవానికో, తెగిన చెరువును బాగుచేసినవానికో ఆయకట్టున కొంత భూమిని గాని, శిస్తులో కొంత భాగమును గాని ఇచ్చెడివారు. మొదటిది ఖండ దశబంధము; రెండవది షామిలాతు దశబంధము. మదరాసు ప్రభుత్వమును ఈ మాన్యములను షరతుపైననే అంగీకరించెను. మరమ్మతు సాగినంతవరకే మాన్యము. మరమ్మతు మానినచో మాన్యమును తీసికొనవచ్చును. ధర్మకర్తృత్వమునకు ఇంతకంటె చక్కని నిర్వచనము మరి యేది? పంట తినుట హక్కు. పూడిక తీయుట ఋణము. ఋణము తీర్చనివానికి హక్కు లేదు. ఈ ధర్మము వారసత్వమువలన మాత్రమే నిలుచునది కాదు. దేవాలయముల విషయమున ఆంధ్రప్రదేశ్‌లో 1987 నాటి దేవాదాయ చట్టము వంశపారంపర్య ధర్మకర్తృత్వమును రద్దు చేయుటలోని భావమును ఇదియే: తండ్రి చేసిన సేవ కుమారునికి ఆదర్శము కావచ్చును గాని ఆస్తి కానేరదు.

ఇనాముల కాలము గడచినది. చెరువు ప్రభుత్వ శాఖల చేతికి పోయినది. తరువాత 1997లో సాగునీటి వ్యవస్థల నిర్వహణమునకై ఒక చట్టము పుట్టి, రైతులే ఎన్నుకొను నీటి వినియోగదారుల సంఘములకు బాధ్యతలో భాగమిచ్చినది. చట్టము మంచిదే. అయితే అందరిదియైన సొత్తు ఎవ్వరిదియు కాకపోవు ప్రమాదము ఎప్పుడును కలదు. గట్టు శాఖవారిదని రైతు తలంచును. తూము సంఘమువారిదని శాఖ తలంచును. వాగు ఎవ్వరిదియు కాదని అందరును తలంతురు. ఇంతలో ఎండిన చెరువు కడుపులోనికి పొరుగు పొలపు గెనిమ ఏటికొక బారెడు జరుగును.

ఈ జరుగుడు పట్టణముల చెంత ఎంత దూరము పోగలదో తిరుపతివారికి తెలియును. అవిలాల, పేరూరు చెరువుల భూములు గృహనిర్మాణమునకు ఇయ్యబడగా, పౌరులు కొందరు న్యాయస్థానముల నాశ్రయించిరి. 2006లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, ప్రకృతిసంపదకు ప్రభుత్వము యజమాని గాదనియు, ప్రజల పక్షమున ధర్మకర్త మాత్రమే యనియు స్థాపించెను. ఆ చెరువులలో ఇక నిర్మాణములు చేయరాదనియు, నీరు తెచ్చు వంకను బాగుచేయవలెననియు, కట్టిన యిండ్లపై వాననీటిని పట్టవలెననియు ఆదేశించెను. ప్రభుత్వమే ధర్మకర్త యైనప్పుడు, గెనిమ జరుపు రైతు ఏపాటి యజమాని?

కొత్తచెరువు పొరుగుననే పుట్టపర్తి యున్నది. 1972లో ఏర్పడిన శ్రీ సత్యసాయి సెంట్రల్ ట్రస్టు 1990 దశకమున అనంతపురము జిల్లాలోని వందలాది గ్రామములకు త్రాగునీటి పథకమును నిర్మించెను. 1999లో తపాలా శాఖ ఆ సేవకు గుర్తుగా బిళ్ళను వెలువరించెను. దానధర్మములు తెచ్చిన ధనము నీరై గ్రామములకు చేరుట ధర్మకర్తృత్వమునకు ఒక ముఖము. రెండవ ముఖము 2011లో కనబడినది. ఆ సంవత్సరము ఏప్రిల్‌లో సంస్థాపకుడు పరమపదించిన పిమ్మట, జూన్‌లో యజుర్మందిరమును తెరువగా 98 కిలోల బంగారమును, 307 కిలోల వెండియును, సుమారు 11.56 కోట్ల రూపాయల నగదును లెక్కకు వచ్చినవి. నాడు లెక్కలు కోరినవారిలో భక్తులును ఉండిరి. ఇందు నింద వెదుక పనిలేదు. లెక్క అడుగుట అనుమానము కాదు. అది లబ్ధిదారుని హక్కు. లెక్క చూపుట అవమానము కాదు. అది ధర్మకర్తకు రక్ష.

కావున కొత్తచెరువు మొదలుకొని ఈ సీమలోని ప్రతి ఊరి భూస్వాములకును, పట్టణవాసులకును మా మనవి యిది. చెరువు ఎల్లలు కొలిపించి రాళ్లు నాటింపుడు. వంకలకు అడ్డమైన కట్టలను, అవి మన బంధువులవే యైనను, తీయింపుడు. చెరువుపై వచ్చిన రూపాయిని, పెట్టిన రూపాయిని ఏటికొకమారు గ్రామసభలో చదివింపుడు. చదువరి లేనిచో చదువుకొన్న మీ బిడ్డలను నిలుపుడు. వాన మన చేతిలో లేదు. వచ్చిన వానను నిలుపు గట్టు మాత్రము మన చేతిలో నున్నది. దానిని మనకు అప్పగించినవారు పోయిరి. మనయొద్ద పుచ్చుకొనవలసినవారు ఇంకను పుట్టలేదు. ఈ ఇరువురి నడుమ నిలిచి, పూర్తిగా అందుకొన్నదానిని పూర్తిగా అందించుటయే ధర్మకర్త పని.