సంగటి మంచిదే, కొలత ముఖ్యం

పులివెందుల, జమ్మలమడుగు పల్లెల్లో చక్కెర వ్యాధి వచ్చినవారు “అన్నం మాని రాగిసంగటి తింటున్నాం, ఇక భయం లేదు” అంటుంటారు. రాగిలో పీచు ఉన్నా పిండిపదార్థమే ఎక్కువ. సంగటిలో బియ్యమూ కలుస్తుంది. రెండు పెద్ద ముద్దలు తింటే చక్కెర పెరగక మానదు. చిన్న ముద్ద ఒకటి చాలు. పప్పు, ఆకుకూర ఎక్కువ వేసుకోండి.

చక్కెర పెరిగినా ఒంటికి తెలియకపోవచ్చు, రక్తపరీక్షే చెప్పాలి. పరగడుపున 80 నుండి 130 మధ్య ఉండుట చాలామందికి మేలు. మూడు నెలల సగటు తెలిపే పరీక్షనూ వైద్యుడు చెప్పిన గడువుకు చేయించుకోండి. అశ్రద్ధ చేస్తే కళ్లు, మూత్రపిండాలు, పాదాలు చెడతాయి.

మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు ఉపవాస ప్రార్థనకు ముందు వైద్యుని సలహా తప్పక తీసుకోండి. చక్కెర 70 కంటే తగ్గినా ప్రమాదమే.