తిరుత్తణి మెట్లు - యాత్రికుల విధానము

1945లో నాటి హిందూదేశ ప్రభుత్వము సర్ జాన్ సార్జెంటు అధ్యక్షతను ఒక సంఘమును నియమించి, దేశమునందు యాత్రికుల రాకపోకలను పెంపొందించు మార్గములను విచారింపుమని కోరినది. అది మొదలుగా విధానపత్రములకు కొదువ లేదు. 1982లో ఒకటి, 2002లో మరియొకటి వెలువడినవి. 2014-15లో తీర్థస్థలములకొఱకు 'ప్రసాద్' పథకము ఏర్పడినది. దాని మొదటి పండ్రెండు స్థలములలో కాంచీపురము, వేలాంగణి, ఆంధ్రదేశమునుండి అమరావతి చేరినవి, తిరుత్తణి చేరలేదు. ఇటీవల సభలను, సమ్మేళనములను, ప్రదర్శనములను జరిపించుటయు ఒక పరిశ్రమయే యని గుర్తించి, దానికొక జాతీయవ్యూహమును సిద్ధపఱచిరి. సంతోషమే. కాని ఆ వ్యూహకర్తల దృష్టిలో ఉత్సవమనగా శీతలయంత్రములుగల సభాభవనము, విమానము దిగివచ్చు ప్రతినిధియు మాత్రమేయైనట్లు కానవచ్చుచున్నది.

ఆడికృత్తికనాడు తిరుత్తణి కొండను చూచినవారు ఈ నిర్వచనమునకు నవ్వుకొందురు. కావడులు భుజమున మోసికొని, పసుపుబట్టలు ధరించి, చిత్తూరు, నెల్లూరు ప్రాంతములనుండి తెలుగువారును, తమిళదేశపు నలుమూలలనుండి తమిళులును లక్షలసంఖ్యలో ఆ మెట్లెక్కుదురు. మెట్లు 365, ఏటి దినములెన్నియో అన్ని. ఆంగ్లసంవత్సరాదినాడు దొరల వాకిళ్లకు పోయి దండములు పెట్టు ఆచారమును మాన్పించుటకై వళ్లిమలై సచ్చిదానందస్వామి 1917లో డిసెంబరు 31వ తేదీని మెట్లపండుగ నెలకొల్పిరి. నాటి రాత్రి మెట్టుమెట్టునకును తిరుప్పుగళు పాడుచు ఎక్కుట నేటికిని సాగుచున్నది. ఏ ఆహ్వానపత్రికయు లేక, ఏ వ్యూహమును లేక, నూరేండ్లకు పైగా జరుగుచున్న సమ్మేళనమిది!

తిరువళ్లూరి సంగతియు ఇట్టిదే. వీరరాఘవస్వామి సన్నిధిని, హృత్తాపనాశిని కోనేటిలో స్నానమునకై ప్రతి అమావాస్యకును జనము కూడుదురు. పూర్వరాత్రమే వచ్చి అరుగులమీద పరుండువారును కలరు. తేదీ పంచాంగమే చెప్పుచున్నది. 1856 జూలై 1వ తేదీనుండి రైలు నడచుచున్నది. ముందుగా సిద్ధపడుటకు ఇంతకంటె అనుకూలమైన ఉత్సవ మెక్కడ దొరకును? పరుండుటకు నీడ, స్త్రీలకు స్నానానంతరము బట్ట మార్చుకొనుటకు మఱుగు, మంచినీరు, మఱుగుదొడ్లు - వీనికై వ్యయపఱచిన ధనము పరిశ్రమకిచ్చిన సహాయమే యగును. క్షౌరవృత్తివారు, పూలమ్మువారు, కావడి కట్టువారు, బండిమీద ఇడ్డెనలమ్ము విధవ, వీరే ఈ పరిశ్రమకు యజమానులు. బ్యాంకుల ఋణములు, భీమాసౌకర్యములు పెద్ద హోటళ్లకు వలెనే వీరికిని అందవలెను.

చిక్కు మరియొకటి గలదు. 1911లో చిత్తూరుజిల్లా యేర్పడినపుడు అందు చేరిన తిరుత్తణి, పటాస్కరుగారి తీర్పుననుసరించి 1960 ఏప్రిలు 1వ తేదీన మద్రాసురాష్ట్రమున చేరినది. ఆ తగవును తిరిగి త్రవ్వుట మా ఉద్దేశము కాదు. భక్తులు సరిహద్దురాళ్లను చూచి యాత్ర మానుకొనలేదు. ప్రభుత్వశాఖల పటములు మాత్రము ఆ రాళ్లవద్దనే నిలిచిపోవుచున్నవి. ముత్తుస్వామి దీక్షితులవారు గురుగుహముద్రతో తొలికీర్తన రచించినది తిరుత్తణి కొండమీదనే యని సంగీతలోకపు విశ్వాసము. ఒకనాడు ఈ కొండకు ప్రభువులైన కార్వేటినగర సంస్థానాధీశుల కొలువులో సారంగపాణి వేణుగోపాలునిపై తెలుగుపదములు వ్రాసెను. కార్వేటినగరము నేడు ఆంధ్రమున, తిరుత్తణి తమిళనాట. రెంటిని కలిపిన సంగీతయాత్ర యెంత మనోహరముగా నుండునో రసికులకు చెప్పనక్కఱలేదు. అయినను దానిని నడపు బాధ్యత ఏ యొక్క రాష్ట్రపు శాఖకును పూర్తిగా చెందదు.

రెండు రాష్ట్రములు కలసి పనిచేయుట అసాధ్యమందుమా, తెలుగుగంగ కన్నులయెదుట నున్నది. 1983లో నందమూరి తారకరామారావు, ఎం. జి. రామచంద్రన్ గారలు ఒడంబడిక చేసికొనగా, 1996లో కృష్ణాజలము తిరువళ్లూరుచెంత పూండి జలాశయమున చేరినది. నీటికి కుదిరిన ఒప్పందము యాత్రికులకు ఏల కుదరరాదు?

2025-26 బడ్జెటులో రాష్ట్రములతో కలసి ఏబది యాత్రాస్థలములను తీర్చిదిద్దెదమని కేంద్రము ప్రకటించినది. తిరువళ్లూరు, తిరుత్తణి, కార్వేటినగరము, తిరుపతులను ఒక్క త్రోవగా చేసి, ఉభయరాష్ట్రములును ఉమ్మడిగా అర్జీ పెట్టవలెనని మా సూచన. వెచ్చమునకు వెఱచినచో, ముందుగా తిరుత్తణి స్టేషనునుండి కొండమీదివరకు తమిళమున, తెలుగునను పెద్ద అక్షరముల దారిపలకలు నిలిపి, ఆడికృత్తికకు ఇరురాష్ట్రముల బస్సులకు ఒకే నిలువుచోటును, ఒకే విచారణకార్యాలయమును ఏర్పఱచుడు. దీనికి ఢిల్లీ అనుమతి అక్కఱలేదు. చిత్తూరు, తిరుపతి, తిరువళ్లూరు కలెక్టర్లు ఒక మధ్యాహ్నము కూర్చున్న చాలును.